యంత్రం లేని ఎస్ప్రెసో: విశాఖ వంటింటి లెక్క

విశాఖపట్నంలో ఎస్ప్రెసో అన్న మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. పెళ్ళి విందులో ఐస్‌క్రీం బల్ల పక్కన రాగి బాయిలరు పెట్టుకుని నిలబడిన మనిషి, స్టీలు మగ్గులో పాలు, పంచదార, ఇన్‌స్టంట్ పొడి వేసి, ఆవిరి గొట్టం ముంచి బుస్సుమని పొంగించి, పైన చిటికెడు కోకో చల్లి ఇచ్చేది ఒకటి. సిరిపురం వైపో బీచ్ రోడ్డులోనో ఏ కాఫీ దుకాణంలోనైనా చిన్న పింగాణీ కప్పులో రెండు గుక్కలకు సరిపడా ఇచ్చే నల్లని, చిక్కని కాఫీ రెండోది. మొదటిదానిలో ఆవిరి పాలను వేడి చేసి నురగ పుట్టిస్తుంది, కాఫీ గింజ జోలికి పోదు. రెండోదానిలో వేడి నీరు గట్టి ఒత్తిడితో కాఫీ పొడిలోంచి దూసుకువస్తుంది. యంత్రం కొనకుండా ఇంట్లో ఎస్ప్రెసో చేసుకోవాలని మొదలుపెట్టేవారిలో చాలామంది ఈ రెండింటిలో తమకు ఏది కావాలో తేల్చుకోకుండానే పరికరం కొంటారు. కొన్నది నెలలోపే అటక ఎక్కుతుంది.

పెళ్ళి కాఫీ కావలసినవారికి అసలు పరికరంతో పనే లేదు. దాని సంగతి చివర పాల గురించి చెప్పేటప్పుడు చూడవచ్చు. ఇక్కడ తేల్చవలసింది రెండోదాని గురించి: యంత్రం చేసే పనిలో వంటింట్లో ఎంత సాధ్యం, ఎంత అసాధ్యం, సాధ్యమైనంతవరకు చేరుకోవడానికి డబ్బు, శ్రమ దేనిమీద పెట్టాలి?

ఒత్తిడి ఎంత?

దుకాణంలో తీసే డబుల్ ఎస్ప్రెసోకు సుమారు 18 గ్రాముల మెత్తటి పొడి పడుతుంది. దాన్ని చిల్లుల గిన్నెలో అదిమి, 90 నుంచి 96 డిగ్రీల వేడి నీటిని 9 బార్ల ఒత్తిడితో పంపిస్తారు. 25 నుంచి 30 సెకన్లలో దాదాపు 36 గ్రాముల కాఫీ దిగుతుంది. అంటే పొడి ఎంతో, దానికి రెట్టింపు కాఫీ.

9 బార్లంటే ఏమిటో ఆర్.కె. బీచ్‌లో కురుసురా జలాంతర్గామి పక్కన నిలబడితే తెలుస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఇప్పుడు మ్యూజియంగా ఒడ్డున ఉన్న ఆ నౌక, సముద్రంలో 90 మీటర్ల లోతుకు దిగినప్పుడు దాని ఉక్కు గోడల మీద పడే ఒత్తిడి ఇంచుమించు అంతే. ఎస్ప్రెసో యంత్రంలో పొడి ఉండే గిన్నె వ్యాసం మామూలుగా 58 మిల్లీమీటర్లు. అంత చోటు మీద 9 బార్ల ఒత్తిడి పెట్టాలంటే దాదాపు 240 కిలోల బరువు మోపాలి. పాతిక కిలోల బియ్యం బస్తాలు తొమ్మిది, పది ఒకదానిమీద ఒకటి పేర్చినంత. చేత్తో నొక్కే ఏ మామూలు పరికరానికైనా ఇది అందని సంగతి అని ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది.

ఇంత ఒత్తిడి ఎందుకంటే, పొడి అంత మెత్తగా ఉంటుంది కనుక. మెత్తటి పొడిని అదిమితే దానిలోంచి నీరు తనంత తాను దిగదు. ఒత్తిడితో నెట్టినప్పుడు సారం అరనిమిషంలోనే కరిగి వస్తుంది. గింజలోని నూనెలు కంటికి కనిపించని బొట్లుగా విడిపోయి కాఫీలో కలుస్తాయి. నాలుక మీద తగిలే ఆ జిగురులాంటి చిక్కదనం వాటిదే. వేయించిన గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడిలో నీటిలో కరిగి, కప్పులోకి రాగానే బుడగలుగా విడిపోయి, తేనె రంగు నురగగా పైకి తేలుతుంది. దాన్నే క్రెమా అంటారు. ఈ నూనెల కలయిక, ఈ క్రెమా రెండూ ఒత్తిడి లేకుండా రావు. యంత్రం లేని వంటింట్లో వదులుకోవలసినవి ఇవే.

ఇంత చెప్పాక చరిత్రలోంచి ఒక మాట చెప్పడం అవసరం. ఇటలీలో లుయీజి బెజ్జెరా 1901లో పేటెంటు తీసుకున్న ఎస్ప్రెసో యంత్రంలో 9 బార్లు లేవు. అది ఆవిరి ఒత్తిడితో పనిచేసేది, ఆ ఒత్తిడి ఒకటిన్నర, రెండు బార్లకు మించేది కాదు. మిలాన్‌కు చెందిన అకిల్లే గాజ్జా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత స్ప్రింగు, లివరు ఉన్న యంత్రాన్ని తెచ్చాకే కాఫీ మీద క్రెమా కనిపించింది. లివరు స్థానంలో విద్యుత్ పంపు వచ్చి, 9 బార్లు ప్రమాణంగా స్థిరపడింది 1961లో ఫయేమా సంస్థ ఇ-61 యంత్రం వచ్చిన తర్వాత. అంటే మొదటి నలభై ఏళ్ళకు పైగా ఇటలీవారు ఎస్ప్రెసో అని పిలుచుకుని తాగినదానికి క్రెమా లేదు, నేటి ఒత్తిడీ లేదు. ఇంట్లో తీసిన చిక్కటి కాఫీకి ఆ పేరు పెట్టుకోవడంలో తప్పేమీ లేదనడానికి ఇది చాలినంత ఆధారం.

కాబట్టి ప్రశ్నను ఇలా మార్చుకోవడం మేలు. తొమ్మిది బార్లు రావు, సరే. కానీ ఇంట్లో చేసిన కాఫీ తాగి "దుకాణంలోలా లేదు" అన్నప్పుడు లోటుగా తోచేది ఎప్పుడూ ఒత్తిడేనా? ఎక్కువసార్లు కాదు. పొడి పాతబడి ఉంటుంది, నీరు ఎక్కువై ఉంటుంది, లేదా పొడి రవ్వ రవ్వగా ఉంటుంది. ఈ మూడూ యంత్రంతో సంబంధం లేనివి. మూడూ చేతిలో ఉన్నవే.

ఇంట్లో ఉన్న ఫిల్టరు

విచిత్రమేమిటంటే, ఎస్ప్రెసోకు లెక్కప్రకారం చాలా దగ్గరగా వచ్చే పరికరం తెలుగువారి ఇళ్ళలో ఇప్పటికే ఉంది. రెండు గిన్నెల ఇత్తడి లేదా స్టీలు ఫిల్టరు. 30 గ్రాముల పొడి వేసి 130 మిల్లీలీటర్ల నీళ్ళు పోశామనుకుందాం. తడిసిన కాఫీ పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీటిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అంటే 60 మిల్లీలీటర్లు పైన ఉండిపోతాయి, కింది గిన్నెలోకి దిగేది 70. ముప్పై గ్రాముల పొడికి డెబ్బై మిల్లీలీటర్ల డికాషన్. ఎస్ప్రెసోలో 18కి 36. నిష్పత్తులు రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

తేడా లేదని కాదు. ఫిల్టరులో నీటిని దింపేది భూమ్యాకర్షణ ఒక్కటే, పైగా దిగేకొద్దీ నీరు చల్లారిపోతుంది. పొడిలోని సారం కొంత అందులోనే మిగిలిపోతుంది. దీనికి రుజువు ప్రతి ఇంట్లోనూ ఉంది: అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి రెండో డికాషన్ తీయగలుగుతున్నాం. ఎస్ప్రెసో తీసిన పొడిలో అలా రెండోసారి తీసుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ఫిల్టరులో పొడి ఎక్కువ పడుతుంది. సారం పూర్తిగా రాకపోయినా చిక్కదనం మాత్రం వస్తుంది, పాలు కలిపి తాగేవారికి కావలసింది అదే.

ఈ ఫిల్టరుతోనే ఎస్ప్రెసో తరహా కాఫీ తీయాలంటే అలవాటైన పద్ధతిలో కొన్ని మార్పులు చేయాలి. మొదటిది, చికోరీ లేని పొడి. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, మిగిలినదంతా చికోరీ కావచ్చు. చికోరీ రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుంది, కానీ అది కాఫీ కాదు, కాల్చిన వేరు. దానితో వచ్చే చిక్కదనం ఎస్ప్రెసో చిక్కదనం కాదు. రెండోది, రెండు గిన్నెలనూ ముందుగా వేడి నీళ్ళతో కడిగి వేడెక్కించాలి. చల్లని లోహం తగలగానే నీటి వేడి పడిపోతుంది, అప్పుడు సారానికి బదులు పులుపు దిగుతుంది.

మూడోది చాలా ముఖ్యం, కాస్త దగ్గరగా చూడవలసింది. పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో తేలికగా సమం చేసి, మొదట రెండు చెంచాల వేడి నీళ్ళు మాత్రమే చుట్టూ తిప్పి పోయాలి. అరనిమిషం ఆగాలి. గింజ ఇటీవల వేయించినదైతే పొడి బిళ్ళను పైకి నెడుతూ ఉబ్బుతుంది, అంచుల్లో చిన్న చిన్న బుడగలు లేచి చిటుక్కున పగులుతాయి, మట్టి మీద తొలకరి పడినట్టు వాసన గుప్పుమంటుంది. క్రెమాను పుట్టించే వాయువు ఇదే. ఏ కదలికా లేకుండా పొడి తడి ఇసుకలా కూర్చుండిపోతే అది పాతపొడి, దానికి ఎన్ని హంగులు చేసినా ఎస్ప్రెసో రుచి రాదు. ఉబ్బు తగ్గాక మిగిలిన నీళ్ళు పోసి మూత పెట్టాలి. పది, పదిహేను నిమిషాల్లో డికాషన్ దిగితే పొడి మెత్తదనం సరిపోయినట్టు. మూడు నిమిషాల్లోనే దిగిపోతే పొడి ముతకగా ఉంది. అరగంటకూ దిగకపోతే మరీ మెత్తన. దిగిన డికాషన్‌ను పొయ్యి మీద మరిగించకూడదు, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి వెచ్చబెట్టుకోవాలి.

మోకా పాట్

1933లో ఇటలీకి చెందిన అల్ఫోన్సో బియలెట్టి పేరుతో వచ్చిన మోకా పాట్ యంత్రానికి మొదటి ప్రత్యామ్నాయంగా అందరి నోటా వినిపిస్తుంది. కింద నీటి గది, మధ్యలో పొడి గిన్నె, పైన కాఫీ చేరే కూజా. పొయ్యి మీద పెట్టగానే కింది గదిలో ఆవిరి, వేడెక్కిన గాలి వ్యాకోచించి నీటిని గొట్టం గుండా పైకి, పొడిలోంచి కూజాలోకి నెడతాయి. ఇక్కడి ఒత్తిడి ఒకటి, రెండు బార్ల మధ్య. అంటే బెజ్జెరా కాలపు ఎస్ప్రెసో ఒత్తిడి.

అమ్మేవారు దీన్ని "ఎస్ప్రెసో మేకర్" అంటారు కానీ కొలతలు చూడాలి. మూడు కప్పుల మోకాలో పట్టే పొడి 15 నుంచి 18 గ్రాములు, నీరు 150 మిల్లీలీటర్ల దరిదాపు. పైకి వచ్చేది 120. పొడికి ఏడెనిమిది రెట్లు కాఫీ. పైన లెక్కవేసిన ఫిల్టర్ డికాషన్ కంటే ఇది మామూలుగా పలచన. అయితే మోకాలో నీరు వేడిగా, వేగంగా, మెత్తటి పొడిలోంచి పోతుంది కనుక వేపుడు ఘాటు, నూనెతనం ఎక్కువగా దిగుతాయి. నోటికి తగిలే దెబ్బలో ఇదే ఎస్ప్రెసోకు దగ్గర. చిక్కదనం కూడా కావాలంటే ఒక ఉపాయం ఉంది. కూజాలోకి మొదట వచ్చే సగమే అసలు సారం. అరవై, డెబ్బై మిల్లీలీటర్లు రాగానే దించేస్తే చాలు. మిగిలినది పలచని, చేదు నీరు.

మోకా చెడగొట్టేది ఎక్కువగా మంట. చన్నీళ్ళు పోసి పెద్ద మంట మీద పెడితే నీరు పైకి రాకముందే లోహం వేడికి పొడి మాడుతుంది. అందుకని నీళ్ళు విడిగా మరిగించి, రక్షణ కవాటం కింది అంచు దాకా మాత్రమే పోయాలి. పొడిని గిన్నె అంచు వరకు నింపి వేలితో సమం చేయాలి, అదమకూడదు. అదిమితే రెండు బార్లు దాన్ని దాటలేవు. కింది గది అప్పటికే కాలుతూ ఉంటుంది, గుడ్డతో పట్టుకుని బిగించాలి. చిన్న బర్నరు మీద సన్నని మంట. గ్యాసు పొయ్యి చువ్వల మధ్య మోకా అడుగు ఆనదు, చిన్న గిన్నెలకు వాడే ఇనుప చట్రం వేసుకోవాలి. ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉన్న ఇంట్లో అల్యూమినియం మోకా వేడెక్కదు. ఇనుప దోసె పెనం వేసి దాని మీద పెడితే ఆలస్యంగానైనా పని జరుగుతుంది. కాఫీ మొదట ముదురు తేనెలా, చప్పుడు లేకుండా జారుతుంది. రంగు లేత పసుపుకు తిరిగి, గుడగుడమనే శబ్దం మొదలయ్యేలోపే దించి, అడుగు భాగాన్ని కుళాయి కింద పట్టాలి.

దీన్ని తోమేటప్పుడు ఇత్తడి సామానుకు వాడే చింతపండు వాడకూడదు. పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది. వేడి నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. రబ్బరు వాషరు గట్టిపడితే ఆవిరి పక్కల నుంచి పోతుంది, కాఫీ పైకి రాదు. మోకా పాడైందనుకుని పారేసేవారు చాలామంది ఆ ఒక్క వాషరు మార్చి ఉంటే సరిపోయేది.

చేతి ఒత్తిడి, కుక్కరు ప్రమాదం

2005లో అమెరికాకు చెందిన అలన్ ఆడ్లర్ తెచ్చిన ఎయిరోప్రెస్ పెద్ద సిరంజిలాంటి ప్లాస్టిక్ గొట్టం. దాని అడ్డుకోత దాదాపు 28 చదరపు సెంటీమీటర్లు. పదిహేను, ఇరవై కిలోల బలంతో నొక్కినా ఒత్తిడి అర బారు నుంచి ముప్పావు బారు లోపే. అయినా 18 గ్రాముల మెత్తటి పొడికి 70 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, కలిపి, ఒకటిన్నర నిమిషం ఆగి నెమ్మదిగా నొక్కితే శుభ్రమైన, గాఢమైన కాఫీ వస్తుంది. కాగితపు వడపోత నూనెలను ఆపేస్తుంది కనుక నాలుకకు తేలికగా ఉంటుంది. చిక్కదనం ప్రాణంగా భావించేవారికి ఇది నచ్చకపోవచ్చు.

చేతి లివరుతో పనిచేసే చిన్న పరికరాల సంగతి వేరు. ఫ్లెయిర్ వంటివి పొడవాటి లివరుతో బలాన్ని పెంచి నిజంగానే ఆరు నుంచి తొమ్మిది బార్లు అందిస్తాయి. విద్యుత్తు లేకపోయినా వాటి నుంచి వచ్చేది అచ్చమైన ఎస్ప్రెసో. అయితే వాటికి పిండిలాంటి, సమానమైన పొడి కావాలి, అది ఇంట్లో తీయడం లివరు కొనడం కంటే కష్టం.

ఇన్‌స్టంట్ పొడి, పంచదార, చెంచాడు నీళ్ళు కలిపి తెల్లబడేదాకా గిలకొట్టే పద్ధతి చాలా ఇళ్ళలో ఉంది. ఆ నురగను క్రెమా అనుకోవడం పొరపాటు. దానిలో బుడగలను నిలబెట్టేది పంచదార పాకం చిక్కదనం. పాలతో తాగడానికి అది కమ్మని పానీయం, ఎస్ప్రెసోతో మాత్రం దానికి బంధుత్వం లేదు.

ఒక పద్ధతిని మాత్రం ఖండించక తప్పదు. ప్రెషర్ కుక్కరు విజిల్ తీసేసి, ఆ గొట్టానికి పైపు తగిలించి, వచ్చే ఆవిరితో పాలు పొంగించడం. కుక్కరులో ఒత్తిడి సుమారు ఒక బారే అయినా ఆవిరి వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది. పైపు జారినా, పాల మీగడ అడ్డుపడి దారి మూసుకున్నా చేయీ ముఖమూ కాలిపోతాయి. వీడియోలలో ఎంత సులువుగా కనిపించినా దీని జోలికి పోకూడదు. పిల్లలు తిరిగే వంటింట్లో అసలే వద్దు.

గింజ, మిక్సీ, ఉప్పుగాలి

డబ్బు దేనిమీద పెట్టాలన్న ప్రశ్నకు సూటి జవాబు: మొదట తాజా గింజల మీద, తర్వాత తిరగలి రకం చేతి గ్రైండరు మీద, మోకా ఆ తర్వాత. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేస్తారు. మంచి గ్రైండరు, మామూలు ఫిల్టరు ఉన్న ఇంటి కాఫీ, ఖరీదైన మోకాలో ఆరు నెలల నాటి ప్యాకెట్ పొడి వేసే ఇంటి కాఫీని ఏనాడైనా ఓడిస్తుంది.

గింజల విషయంలో విశాఖవాసులకు ఉన్న సౌకర్యం దేశంలో చాలా నగరాలకు లేదు. రోడ్డు మార్గాన 115 కిలోమీటర్ల దూరంలో అరకు ఉంది. 2022 వరకు ఉమ్మడి విశాఖ జిల్లాలో, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఆ కొండల్లో సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి మిరియాల తీగలు పాకించి, అరబికా రకం కాఫీ పండిస్తారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజలు కొని అమ్మే గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. నవంబరులో మొదలయ్యే పండ్ల కోత చలికాలమంతా సాగుతుంది. ఇంత దగ్గర పండే గింజను వదిలి, ఎప్పుడో ఎక్కడో పొడి చేసి సీలు వేసిన డబ్బా కొనడం ఈ ఊరివారు తమకు తామే చేసుకుంటున్న అన్యాయం.

కొనేటప్పుడు చూడవలసింది ప్యాకెట్ మీద రాసిన గొప్పలు కాదు, వేయించిన తేదీ. వేయించిన మొదటి రెండు, మూడు రోజుల్లో వాయువు మరీ ఎక్కువగా ఉండి నీటిని పొడిలోకి దిగనివ్వదు. వారం తర్వాత మొదలుపెట్టి నెలలోపు ముగించడం మంచిది. అరకు అరబికాలో సహజంగా నిమ్మజాతి పండ్ల పులుపు ఛాయ ఉంటుంది. లేతగా వేయించిన గింజతో మోకాలో తీసి పాలు పోస్తే ఆ పులుపు పాలతో కలహిస్తుంది. పాలతో తాగేవారు మధ్యస్థం కంటే కాస్త ముదురుగా వేయించినది అడగాలి. ఎస్ప్రెసో గట్టిదనం మరింత కావాలంటే పావు వంతు రోబస్టా అనే మరో రకం కాఫీ గింజ కలుపుకోవచ్చు. అందులో కెఫీన్ అరబికాకు ఇంచుమించు రెట్టింపు, చేదు కూడా ఎక్కువే, కనుక సాయంత్రం కప్పుకు వద్దు.

గ్రైండరు లేకపోతే మిక్సీ ఉంది. మిక్సీ బ్లేడు గింజను నూరదు, నరుకుతుంది. అందువల్ల పిండి, రవ్వ, పలుకులు కలగలిసి వస్తాయి. పిండి నుంచి చేదు, పలుకుల నుంచి పులుపు ఒకే కప్పులోకి దిగుతాయి. దీన్ని కొంతవరకు సరిదిద్దవచ్చు. చట్నీ జారులో సగానికి తక్కువగా గింజలు వేసి, రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ, ప్రతిసారీ జారు కుదుపుతూ పది, పన్నెండుసార్లు చేయాలి. ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి, వాసన వంటింట్లోకి పోతుంది, కప్పులోకి రాదు. తర్వాత మైదా జల్లెడ పడితే పలుకులు పైన మిగులుతాయి, వాటిని మళ్ళీ తిప్పాలి. వేళ్ళ మధ్య రుద్దితే ఫిల్టరుకు సన్నటి ఇసుకలా, మోకాకు దానికంటే మెత్తగా, మెత్తటి ఉప్పులా తగలాలి. ధనియాలూ మిరపకాయలూ పట్టిన జారులో కాఫీ తిప్పితే మసాలా కాఫీ అవుతుంది. గుప్పెడు బియ్యం తిప్పి పారబోసినా ఆ వాసన పూర్తిగా పోదు, చిన్న జారు ఒకటి దీనికే కేటాయించడం మంచిది.

నిల్వ దగ్గర సముద్రం అడ్డువస్తుంది. విశాఖ గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు ఎక్కువే, వేయించిన గింజ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. కిటికీ పక్కన మూత వదులైన సీసాలో వారం ఉంచిన పొడి ముద్ద కడుతుంది. బిగువైన మూత ఉన్న స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా, గింజ రూపంలోనే ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి వాడడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. బయటికి తీసిన ప్రతిసారీ చల్లని గింజల మీద తేమ బొట్లుగా చేరుతుంది. ఎక్కువ కొంటే వారానికి సరిపడా చిన్న ప్యాకెట్లుగా కట్టి ఫ్రీజరులో ఉంచి, ఒక్కో ప్యాకెట్ పూర్తిగా గది వేడికి వచ్చాకే విప్పాలి.

నీటి విషయానికి వస్తే, తీరానికి దగ్గర కాలనీల్లో బోరు నీరు నాలుకకు ఉప్పగా తగిలితే అది కాఫీకి పనికిరాదు. ఆర్వో యంత్రం లవణాలను చాలావరకు తీసేసిన నీటిలోనూ కాఫీ చప్పగా, పదునుగా వస్తుంది. సారాన్ని లాగడానికి కొంత లవణం ఉండాలి. లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిదని కాఫీ నిపుణుల ప్రమాణం. ఆర్వో నీటిలో కాచి చల్లార్చిన కుళాయి నీరు సగం కలపడం తేలిక మార్గం. వేడి గురించి మరో మాట: సముద్ర మట్టాన ఉన్న ఈ ఊళ్ళో నీరు వంద డిగ్రీలకు మరుగుతుంది, అరకులో దాదాపు 97కే. అక్కడ మరిగిన వెంటనే పోసినా పరవాలేదు. ఇక్కడ ముదురుగా వేయించిన పొడి మీద ఫిల్టరులోనో ఎయిరోప్రెస్‌లోనో పోసేముందు అరనిమిషం నుంచి నిమిషం ఆగాలి.

పాలు, చివరి సర్దుబాటు

పాల నురగను నిలబెట్టేది మాంసకృత్తులు, రుచికి బరువు ఇచ్చేది వెన్న. మూడు శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలు తేలికగా, ఎత్తుగా నురగలు కడతాయి. ఆరు శాతం ఉన్న చిక్కటి పాలు తక్కువ నురగతో కమ్మగా ఉంటాయి. ఏదైనా 60, 65 డిగ్రీల దగ్గర ఆపాలి. గిన్నెకు అరచేయి ఆనిస్తే రెండు క్షణాలకు మించి ఉంచలేని వేడి అది. మరిగిన పాలకు ఉడుకు వాసన పడుతుంది, మీగడ తరకలు కడుతుంది. ప్యాకెట్ పాలు ముందే కాచి చల్లార్చి ఉంచుకుని, కాఫీ వేళకు ఆ వేడి వరకు మాత్రమే తిరిగి తేవడం మన ఇళ్ళకు కుదిరే పద్ధతి. నురగకు చిన్న బ్యాటరీ కవ్వం ఉంది. ఫ్రెంచ్ ప్రెస్ (కాడకు జల్లెడ బిళ్ళ ఉండి పైనుంచి నొక్కే కాఫీ పాత్ర) ఉన్నవారు దానిలో వేడి పాలు సగం దాకా పోసి ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడిస్తే దుకాణం నురగకు దగ్గరగా వస్తుంది. ఆ పరికరం కాఫీ కంటే ఈ పనికే ఎక్కువ పనికొస్తుందని చెప్పాలి. గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తే వచ్చే నురగ పెద్ద బుడగలది, నిమిషంలో కూలుతుంది. పెళ్ళి కాఫీ కావలసినవారికి ఈ పాలు, రెండు గ్రాముల ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పైన కోకో చాలు.

పాలు కలపకముందే ఒక చెంచా కాఫీ విడిగా తీసి చల్లార్చి నాలుక మీద వేసుకోవాలి. పుల్లగా, నీళ్ళనీళ్ళగా ఉంటే పొడి ఇంకొంచెం మెత్తగా ఉండాలి, లేదా నీరు ఇంకొంచెం వేడిగా ఉండాలి. గొంతు పట్టే చేదు, వగరు ఉంటే పొడి ముతక చేయాలి, మోకా అయితే మంట తగ్గించి ముందే దించాలి. పుల్లదనమూ చేదూ ఒకేసారి తెలిస్తే అది మిక్సీ పొడి లక్షణం, జల్లెడ పట్టాలి. ఒక రోజు ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఎండాకాలంలో సరిగ్గా కుదిరిన కొలత వానలు మొదలయ్యాక తప్పవచ్చు. తేమ పీల్చిన పొడిలోంచి నీరు దిగే వేగం మారుతుంది. పన్నెండు నిమిషాల్లో దిగే డికాషన్ ఇరవైకి చేరిందంటే గింజను నిందించకుండా, గ్రైండరును ఒక మెట్టు ముతకకు తిప్పి చూడాలి.